కాలేజీకి నీళ్ళు చూడబోయిన సంగతి

ఈ పొద్దున పక్కింటి భాయ్ వచ్చి గడప అవతలే నిలబడిపోయాడు. బోరు మోటార్లకు వైండింగ్ చుట్టే మనిషి ఆయన. కదిరి చుట్టుపక్కల బోర్లు ఎండి మోటార్లు కాలినకొద్దీ ఆయనకు పని ఎక్కువవుతుంది, పని ఎక్కువైనకొద్దీ మొహం చిన్నబోతుంది, అంత మంచివాడు. ఈ రోజు మాత్రం చేతిలో మోటారు సామానేదీ లేదు, పెళ్ళి ఆల్బంలాగా తళతళలాడే పుస్తకం ఒకటుంది. కూతురు ఇంటర్ గట్టెక్కిందట, ఏదో ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ళు పిలిచి మరీ సీటిస్తామంటున్నారట. "మాకేం తెలుస్తాదక్కా ఈ సదువుల సంగతి. నువ్వొగసారి మాతో వచ్చి సూడు. నువ్వు సరే అంటే ఇంగ మాట లేదు" అన్నాడు. వస్తాలే భాయ్ అని పంపించాను గానీ, ఆయన వెళ్ళిపోయాక చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా నాకు ఒంటి మీద తెలివి లేదు. నువ్వు సరే అంటే సరే అన్న మాట ఇదివరకు కూడా ఒకసారి నా నెత్తిన పడింది, దాని బరువు ఇంకా దిగలేదు.

నేను ఉద్యోగకాలమంతా ఏఎన్ఎమ్‌గా చేసినదాన్ని. తెల్లచీర కట్టుకుని, టీకాల పెట్టె భుజాన వేసుకుని, ముదిగుబ్బ మొదలు కదిరి దాకా బస్సు పోయే ఊళ్ళూ పోని ఊళ్ళూ తిరిగినదాన్ని. నర్సమ్మకు తెలియనిది లేదని జనం నమ్మకం. కాన్పు దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా నన్నే అడిగేవాళ్ళు, నేను కూడా తెలిసినట్టే చెప్పేదాన్ని, ఏం చేస్తాం, తెల్లచీర మహిమ అటువంటిది. నాకు పిల్లలు లేరు. మా ఆయన తొందరగానే పోయాడు. ఉన్నదల్లా ముదిగుబ్బ పక్కన వేరుశనగ పండిస్తూ, అది పండని ఏళ్ళలో గొర్రెలను మేపుతూ బతికే తమ్ముడు, మరదలు, వాళ్ళకు ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్ల గురించే నేను చెప్పబోయేది.

అంతకన్నా ముందు మా వైపు ఆనవాయితీ ఒకటి చెప్పాలి. నా వయసు వాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ, తర్వాతి వాళ్ళకు వింతగా ఉంటుంది. ఒక ఊరికి ఆడపిల్లను ఇవ్వాలంటే ముందు ఆ ఊరి నీళ్ళు చూసి రావాలి. పొలమెంత, ఇల్లెంత అనేది ఆ తర్వాతి మాట. బావి ఎంత దూరం, వేసవిలో నిలుస్తుందా, ఉప్పా తీపా, అది ముందు. వానలు మొహం చాటేసే ఈ మెట్టనేలలో పిల్లనిచ్చేవాళ్ళకు అంతకంటే పెద్ద విచారణ ఏముంటుంది? మా ఇంట్లో ఆ పని మా మేనత్తది. మా నాయనకు అక్క. మనిషి పొట్టి, నోరు గట్టి. ఆమె వెళ్ళి నీళ్ళు తాగి వచ్చి ఊఁ అంటే సంబంధం ఖాయం, ఊహూఁ అంటే దేవుడు దిగి వచ్చినా మా నాయన కదిలేవాడు కాదు.

నన్ను చిన్నప్పుడు ఒకటి రెండుసార్లు వెంట తీసుకుపోయింది. తిరునాళ్ళకు పోయేదాని మాదిరి ఎర్రటి ఎండలో ఆ ఊరి బావి దగ్గర ఆగి, దప్పికవుతోందమ్మా అని దోసిలి పట్టేది. ఒక గుక్క తాగేది, అంతే. ఆ తర్వాత గట్టు మీద కూలబడి, కాళ్ళు నొస్తున్నాయని మోకాళ్ళు ఒత్తుకుంటూ సాయంత్రం దాకా లేచేది కాదు. వచ్చిన ఆడవాళ్ళ బిందె ఎత్తి నెత్తిన పెట్టేది, వాళ్ళ పిల్లల ముక్కు తుడిచేది, తన కోడలి మీద లేనిపోని చాడీలు చెప్పేది. ఇంకేం, బావి దగ్గర నోళ్ళు విప్పుకునేవి. ఏ ఇంటి అత్త కోడలికి అన్నం కొలిచి పెడుతుందో, ఎవడు తాగి వస్తాడో, ఎవరింట్లో మాట మెత్తనో అన్నీ బయటపడేవి. తిరిగి వచ్చేటప్పుడు ఆమె నాతో, మగోళ్ళకు ఈ ముచ్చట్లన్నీ చెబితే పంచాయితీలవుతాయి, నీళ్ళు బాగలేవంటే సరిపోతుంది అని నవ్వేది. మా నాయన చచ్చేదాకా ఆమె నాలుకకు నీళ్ళ గుణం తెలుస్తుందనే అనుకున్నాడు. మా తమ్ముడూ అదే నమ్ముతూ పెరిగాడు.

ఇక ఆ పిల్ల సంగతి. సెలవులు వస్తే నా దగ్గరికి కదిరికి వచ్చేది. ఆ రోజుల్లో మేము ఊరి ట్యాంకులో క్లోరిను కలిసిందో లేదో చూడటానికి చిన్న గాజుగొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేసేవాళ్ళం, నీళ్ళు పసుపురంగుకు తిరిగేవి. అది చూసి పిల్ల కళ్ళు చేటలంతయ్యేవి. తిరిగి వాళ్ళింటికి పోయాక నిమ్మరసం, సున్నం, మందారపువ్వు, కుంకుమ ఏది దొరికితే అది కలిపి రంగు మారుతుందేమోనని చూసేది, గిన్నెలు పాడుచేస్తోందని మా మరదలు తిట్టేది. ఇంటర్‌లో రసాయనశాస్త్రం అంటే ప్రాణం పెట్టింది. మార్కులు బాగా వచ్చాయి, డిగ్రీలో అదే చదువుతానంది. అనంతపురంలో సర్కారు కాలేజీలో సీటు వచ్చింది. అదే వారంలో బెంగుళూరు దారిలో కొత్తగా కట్టిన ప్రైవేటు యూనివర్సిటీ తాలూకు మనిషి టై కట్టుకుని తమ్ముడి ఇంటికొచ్చి, గొర్రెల దొడ్డి పక్కన మంచం మీద కూర్చుని, మీ పాప లాంటి పిల్ల మా దగ్గర ఉండాలి సార్ అన్నాడు. మా తమ్ముణ్ణి పుట్టి బుద్ధెరిగాక సార్ అన్నవాడు ఆ ఒక్కడే. ఊరక రారు మహానుభావులని నేననుకున్నాను గానీ, వాడు అప్పటికే మజ్జిగ కూడా తాగి వెళ్ళిపోయాడు.

తమ్ముడు నాకు ఫోను చేశాడు. "మేనత్త లేదు, ఇంగ నువ్వేగదక్కా పెద్దదానివి. రెండు సోట్లా నీళ్ళు సూసి రావల్ల. నువ్వు సరే అంటే సరే." వాడు వేళాకోళానికి అనలేదు. కాలేజీ అయినా అత్తగారిల్లయినా పిల్ల పోయి బతకాల్సిన చోటే కదా, వాడి లెక్కలో తేడా లేదు. నాకు మాత్రం లోపల గర్వంగా అనిపించింది, ఇంతకాలానికి మా మేనత్త పీట నాకు దక్కిందని.

ముందు ప్రైవేటు యూనివర్సిటీకి పోయాం, తమ్ముడూ నేనూ పిల్లా. బస్సు దిగేసరికి అటూ ఇటూ ఎండి పగిలిన చేలు, మధ్యలో పెద్ద గేటు. గేటు దాటితే లోకమే వేరు. ఫౌంటెను చిమ్ముతోంది. మిట్టమధ్యాహ్నం, కాకి కూడా నీడకు చేరే వేళ, పచ్చగడ్డి మీద గిర్రున తిరిగే గొట్టాలు నీళ్ళు చల్లుతున్నాయి. మా తమ్ముడు గడ్డి అంచున చెప్పులు విడిచేశాడు. తొక్కమంటే తొక్కడు. గొర్రెలకు కూడా ఇంత పచ్చిక చూపించలేకపోయినాను కదక్కా అని అక్కడే నిలబడ్డాడు. కోటు తొడుక్కున్న పిల్ల ఒకతి మమ్మల్ని తిప్పి చూపించడానికి వచ్చింది, మాటకు ముందు నవ్వు, మాటకు తర్వాత నవ్వు. వరండాలో చల్లటి నీళ్ళ మిషను. తమ్ముడు గ్లాసు తర్వాత గ్లాసు తాగాడు, ఇంక చాలురా అని నేననేదాకా ఆపలేదు.

నేను నా పని మొదలుపెట్టాను. బావి గట్టు ఎక్కడుందా అని వెతికాను. ఎక్కడుంటుంది? ప్రతి వరండాలో మిషను, ప్రతి గదిలో కొళాయి, పిల్లలు ఎవరి సీసా వాళ్ళు నింపుకుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని ఎవరి దారిన వాళ్ళు పోతున్నారు. ఒక పిల్లను ఆపి, ఎట్లా ఉందమ్మా ఇక్కడ అన్నాను. ఆ పిల్ల నా వైపు కాదు, కోటు పిల్ల వైపు చూసి, బాగుందండీ అని వెళ్ళిపోయింది. ఊడ్చే ఆమెను పలకరిస్తే చీపురుతో సహా తప్పుకుంది. రసాయనశాస్త్రం ల్యాబు చూపించమంటే తాళం సారు దగ్గరుంది, సారు సెలవులో ఉన్నారన్నారు. మా పిల్ల అద్దానికి మొహం ఆనించి చూసింది. సీసాలు వరసగా ఉన్నాయి, మూతల సీళ్ళు కూడా ఇంకా తీయలేదు. ఈ ఏడే మొదలు మేడమ్, మీ పాపే మొదటి బ్యాచ్ అని కోటు పిల్ల అదేదో వరం ఇచ్చినట్టు చెప్పింది. నాకు మనసులో ఎక్కడో గీరుకుంది. పైన పటారం లోన లొటారం అన్న మాట నోటి దాకా వచ్చింది, కానీ తమ్ముడి మొహం చూసి మింగేశాను.

తర్వాతి వారం ముగ్గురమూ అనంతపురం పోయాం. కాలేజీ గోడలకు సున్నం వేసి ఎంతకాలమైందో, హాస్టలు ముందర బకెట్ల వరస. ట్యాంకరు వచ్చింది. పిల్లలు జడలు పైకి ముడిచి, చున్నీలు నడుముకు బిగించి, తోసుకుంటూ, నవ్వుకుంటూ, అరుచుకుంటూ నీళ్ళు పడుతున్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. మెట్టు మీద కూలబడి మోకాళ్ళు ఒత్తుకున్నాను. ఇంక చూస్కోండి, అరగంటలో ఆ కాలేజీ అంతా నా ఒళ్ళో పడింది. పప్పులో పప్పు ఉండదు. వార్డెను గయ్యాళి, కానీ జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంటుంది. కెమిస్ట్రీ మేడమ్ పరమ చండిక, ప్రయోగం కుదరకపోతే చీకటి పడినా వదలదు, అయినా ఆమె క్లాసంటే ఎవరూ ఎగ్గొట్టరు. పెద్ద క్లాసు పిల్లలు చిన్నవాళ్ళకు పుస్తకాలిస్తారు. వేసవిలో స్నానానికి వంతులు, ఆ వంతుల కోసం జుట్లు పట్టుకుంటారు. మంచీ చెడ్డా రెండూ చెప్పారు, చూడండి, అందుకే నాకు నమ్మకం కుదిరింది. మా తమ్ముడు మాత్రం గేటు దగ్గరే ఉండిపోయి, ట్యాంకరు కారిన చోట తడిసిన మట్టిని చూస్తూ నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక పంచాయితీ పడింది. "ఇంగ సెప్పేదేముండాదక్కా? నీళ్ళు లేని సోటికి పిల్లనిస్తామా? మేనత్త ఉండింటే ఒప్పుకుంటాండెనా?" అన్నాడు తమ్ముడు. అప్పుడు నేను అన్నేళ్ళ రహస్యం విప్పాను. మేనత్త నీళ్ళు చూడలేదురా, బావి దగ్గర ఆడవాళ్ళ మాటలు విన్నది, ఆ ప్రైవేటు చోట మాట చెప్పే మనిషే దొరకలేదు, అక్కడ మన పిల్ల ఏడ్చినా మనకు తెలియదు అన్నాను. వాడు నమ్మలేదు. "ఏమక్కా, ఆమె పోయినాంక ఆమె మీద ఎట్లబడితే అట్ల సెప్తాండావే" అని కోపగించుకున్నాడు. మా మరదలు ఎవరి వైపూ చేరకుండా లేచి పొయ్యి దగ్గరికి పోయింది. చివరికి నేను, చదివేది అది, దాన్నే అడుగుదాం అన్నాను. నాకు గట్టి నమ్మకం, పిల్ల నా వైపే అంటుందని. ఆ అద్దానికి మొహం ఆనించి చూసింది కదా, దానికి తెలియకుండా ఉంటుందా?

పిల్ల అప్పుడే వీధి కొళాయి నుంచి వచ్చి బిందె దించింది. తడిసిన భుజం కొంగుతో తుడుచుకుంటూ నా వైపు చూసింది. "అత్తా, ఆ మేడమ్ శానా మంచామె అని నాకూ తెల్సు. ఆ సీసాలు తెరవలేదని గూడా సూసినా. కానీ ఆ బకెట్ల లైను నాకొద్దత్తా. పుట్టినకాడ్నించీ మోస్తానే ఉండా. కొళాయి తిప్పితే నీళ్ళొచ్చే సోట కొన్నాళ్ళుంటా. అంతే."

ఊరూరా తిరిగి నీళ్ళు కాచి తాగండి, చేతులు కడుక్కోండి అని బోధించినదాన్ని, ఉద్యోగం వచ్చిన నాటి నుంచి నేను బిందె ఎత్తింది లేదు, నా క్వార్టర్సులో కొళాయి ఉండేది. బకెట్ల వరసలో నాకు కనిపించింది మా మేనత్త బావి గట్టు. దానికి కనిపించింది దాని మెడనొప్పి. ఆ వయసు పిల్ల, చదువుకు ముందు స్నానం అడిగింది. ఏమని కాదనగలను? సరే అన్నాను. తమ్ముడు ఫీజు కోసం మందలో సగం ముదిగుబ్బ సంతకు తోలుకుపోయాడు, ఆ రోజు అన్నం తినలేదని మరదలు చెప్పింది.

మొదటి కొన్ని నెలలు పిల్ల ఫోను చేస్తే మాకు పండగే. కొళాయి రాత్రీ పగలూ వస్తుందట. అయినా తను పడుకునే ముందు రెండు బకెట్లు నింపి మంచం కింద పెట్టుకుంటుందట, గదిలో పిల్లలు ఎగతాళి చేస్తారట, మానుకోలేకపోతోందట. విని మా తమ్ముడు విరగబడి నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, ఆ రాత్రంతా ఆ రెండు బకెట్లే నా కళ్ళ ముందున్నాయి.

ఏడాది తిరిగేసరికి ఒకరోజు నాకొక్కదానికే ఫోను చేసింది. కెమిస్ట్రీలో చేరిన పిల్లలు చాలలేదని ఆ గ్రూపు తీసేశారట, అందరినీ కంప్యూటర్లలోకి మారమన్నారట. ల్యాబు తాళం తీసింది వేళ్ళ మీద లెక్కపెట్టేన్నిసార్లేనట, పాఠాలు చెప్పడానికి వచ్చిన మేష్టర్లు వచ్చినట్టే వెళ్ళిపోయారట. అవన్నీ అప్పుడు చెప్పింది, ఏడుపు లేకుండా, ఎవరో పక్కింటి పిల్ల సంగతి చెప్పినట్టు. ఇప్పుడే వస్తాను, అనంతపురం పోయి ఆ చండిక మేడమ్ కాళ్ళు పట్టుకుంటాను, వచ్చేయి తల్లీ అన్నాను. "వొద్దత్తా. ఇప్పుడొస్తే ఏడాది పాయె, గొర్రెలూ పాయె. నాయన గుండె ఆగిపోతాది. కంప్యూటర్లయితే ఏం, అదీ సదువే గదా. నాయనకు మాత్రం సెప్పొద్దు" అంది. ఎంత బతిమాలినా వినలేదు. ఆ గ్రూపుకు, ఈ గ్రూపుకు తేడా తెలియని మా తమ్ముడికి ఈ రోజుకూ తెలియదు.

చదువు ముగిసింది. ఇప్పుడు బెంగుళూరులో ఏదో ఆఫీసులో పగలనక రాత్రనక కంప్యూటరు ముందు కూర్చుంటుంది. ఇంటికి పంపించవలసింది పంపిస్తుంది, దొడ్డి మళ్ళీ నిండింది. ఆ లెక్కన చూస్తే మేం మంచి చోటికే పంపించాం. మా తమ్ముడు ఎవరు కాలేజీ మాటెత్తినా, "ముందు ఆడ నీళ్ళెట్లుండాయో సూడప్పా, మిగతావన్నీ వాటంతటవే వస్తాయి" అని ధీమాగా చెబుతాడు, నేను పక్కనుంటే, ఏమక్కా అని సాక్ష్యం కూడా అడుగుతాడు. నేను తల ఊపుతాను. అనంతపురంలో చేరి ఉంటే ఏమయ్యేదో నాకూ తెలియదు, నిజం చెప్పాలంటే. బకెట్లు మోసి మోసి విసిగి మధ్యలో మానేసేదేమో. తెల్లకోటు తొడుక్కుని ఎక్కడో ల్యాబులో రంగులు చూస్తూ ఉండేదేమో. పోయిన దారి ఒకటే కనిపిస్తుంది మనిషికి, పోని దారి ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది.

పొద్దున భాయ్ మాట విన్నప్పటి నుంచి నన్ను తొలిచేది అది కాదు. మన కాలంలో పిల్లను దూరం ఇచ్చినా ఆ పిల్ల మన చూపు దాటిపోయేది కాదు. ఆ ఊరి బావి దగ్గర నీళ్ళు తోడుకునే ఆడది ఎవరో ఒకరు సంతకో తిరునాళ్ళకో కదిరికి వచ్చేది, రథం దగ్గర మా మేనత్త కనబడితే కొంగు పట్టుకుని పక్కకు లాగి, మీ పిల్ల చిక్కిపోయిందమ్మా అనో, మీ పిల్లకేం, రాణిలాగుంది అనో చెప్పిపోయేది. పిల్ల చెప్పకపోయినా చెప్పేవాళ్ళుండేవాళ్ళు. ఇప్పుడు ప్రతి ఇంటికీ కొళాయి వచ్చింది, చాలా మంచిదయింది, ఆ బిందెల చాకిరీ మళ్ళీ ఏ ఆడపిల్లకూ వద్దు, ఆ మాట నిండు మనసుతో అంటున్నాను. కానీ కొళాయి దగ్గర ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. ఆదివారం ఆదివారం ఫోను చేసి, ఎట్లుండావే అని అడుగుతాను. "బాగుండా అత్తా" అంటుంది. గొంతులో ఏమైనా దొరుకుతుందేమోనని పెట్టేసిన ఫోను చెవికి ఆనించుకునే కాసేపు కూర్చుంటాను. ఆ బెంగుళూరంతటిలో, అది నిజంగా బాగుందా అని ఇంకొక మనిషిని అడుగుదామంటే, నాకు తెలిసిన నంబరు దానిదొక్కటే.